కోడెగాణ్ణి మింగిన కోడి

(చిక్కబళ్లాపురంలో జరిగిన సరిహద్దు తెలుగు కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

బాగేపల్లి, గుడిబండ, చింతామణి, శిడ్లఘట్టల నుండి రెండేసి బస్సులు మారి, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన తల్లులకు ప్రత్యేకంగా నమస్కారం.

"నన్ను వదలని ఒక కవిత" అనే విషయం మీద మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. ఇది తెలుగు సభ గనుక నేనొక తెలుగు పద్యాన్నే ఎంచుకొంటానని వారు అనుకొని ఉంటారు. నేను ఎంచుకొన్నది ఒక కన్నడ పాట. కోపగించుకోకండి. ముప్పై ఏడేండ్లు కన్నడ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ణి, ఆ భాష పెట్టిన అన్నం తిన్నవాణ్ణి. అయితే ఆ పాట నాకు కన్నడంలో వినబడి, తెలుగులో అర్థమయింది. ఆ రెండింటి నడుమ ఏమి జరిగిందో మీ ముందు పెట్టడమే ఈ పూట నా పని.

పాట మీకందరికీ తెలిసినదే. శిశునాళ షరీఫులది. షరీఫులు 1819లో నేటి హావేరి జిల్లాలోని శిశువినహాళ గ్రామంలో పుట్టారు, 1889లో గతించారు. ముస్లిం ఇంట పుట్టి, గోవింద భట్టు అనే బ్రాహ్మణుని గురువుగా ఆశ్రయించి, ఊరూరా తిరుగుతూ తత్వపదాలు పాడారు. సి. అశ్వత్థ్ గొంతు పుణ్యమా అని ఆ పదాలు కర్ణాటకమంతటా ఇంటింటికీ చేరాయి. 1990లో నాగాభరణ వారి చలనచిత్రం కూడా వచ్చింది. నేను చెప్పబోయే పాటను నేడు పెళ్లి వాద్యాల వారు సైతం వాయిస్తున్నారు. దాని అర్థం అడిగితే మాత్రం పది మందిలో తొమ్మిది మంది నవ్వి ఊరుకొంటారు.

ఆ పాటలో జరిగే పని ఒకటే, మింగడం. కోడి కోతిని మింగుతుంది. మేక ఏనుగును మింగుతుంది. రోలు రోకలిని, మద్దెల ఆటకత్తెను, మగ్గం గుంత నేతగాణ్ణి మింగివేస్తాయి. దంచడానికి వచ్చిన ముసలమ్మను ఒక ఈగ మింగుతుంది. ఎందుకు మింగాయో కవి చెప్పడు. మింగిన తరువాత ఏమయిందో చెప్పడు. చిట్టచివరకు గురువు పాదం పాడుతున్నవాణ్ణే మింగుతుంది. అక్కడితో పాట అయిపోతుంది.

నేను దీనిని మొదట విన్నది 1976లో, బాగేపల్లిలో చదువుకొనే రోజులలో. అప్పటికి మనది కోలారు జిల్లా, చిక్కబళ్లాపురం ఇంకా జిల్లా కాలేదు. మా తరగతిలో నలభై మందిమి ఉంటే, కన్నడం ఇంటిభాషగా ఉన్నవారిని ఒక చేతి వ్రేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ధారవాడ వైపు నుండి కొత్తగా వచ్చిన ఉపాధ్యాయులొకరు బల్ల మీద దరువు వేస్తూ ఈ పాట పాడి వినిపించారు. ఆయన గొంతు బాగుండేది. ఆయన కన్నడం మాకు సగమే అందేది. కోతిని వారు "కోడగ" అన్నారు. మన పక్కన కన్నడిగులు కూడా కోతిని కోతి అనే అంటారు గదా! ఆ మాట మేము ఎన్నడూ వినలేదు. నా చెవిలో పడినది వేరు. "కోడెగాణ్ణి కోడి మింగింది" అని నేను విన్నాను.

ఆ ఏడు మా ఇంట్లో కొత్తగా కాడి కట్టిన కోడె ఒకటుండేది. దానిని మా నల్లకోడి మింగినట్లు ఊహించుకొని, సాయంకాలం దాకా నవ్వును గొంతులోనే దాచుకొని ఇంటికి పరుగెత్తాను. అవ్వ పెరట్లో కొర్రలు దంచుతూ ఉంది.

"అవ్వా, ఈ పొద్దు ఇస్కూల్లో ఒక పాట చెప్పినారు. కోడెగాణ్ణి కోడి మింగిందంట" అన్నాను.

అవ్వ రోకలి ఆపింది. నవ్వుతుందనుకొన్నాను. నవ్వలేదు.

"ఆ కోడి యా ఊరిదిరా?" అని అడిగింది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా చిన్నాయన 1971లో లారీ క్లీనరుగా బెంగళూరి దారి పట్టాడు. రెండు సంక్రాంతులకు వచ్చాడు. మూడవ సంక్రాంతికి రాలేదు. ఆ తరువాత ఉత్తరమూ లేదు, కబురూ లేదు. నాయన రెండుసార్లు వెతకడానికి వెళ్లి, ఊరికే తిరిగి వచ్చాడు. ఇంట్లో ఆయన మాట ఎవరూ ఎత్తేవారు కారు. నేను పిల్లవాణ్ణి, దాదాపు మరచిపోయాను. కాని అవ్వ ఆయనను ఏనాడూ పేరుపెట్టి పిలిచి ఎరుగదు. "మా కోడెగాడు" అనేది.

మరునాడు నేను బడిలో ఆ ఉపాధ్యాయులను అడిగాను. ఆయన దయగల మనిషి, విసుక్కోలేదు. కోడగ అంటే కోతి అనీ, కోతి అంటే నిలకడ లేని మనసనీ, దానిని మింగిన కోడి జ్ఞానమనీ ఓపికగా చెప్పారు. సరైన అర్థం దొరికిందని పొంగిపోయాను. ఇంటికి వచ్చి అవ్వకు దిద్దుబాటు చెప్పాను. "కోడెగాడు కాదవ్వా, కోతి."

"కోతైతే నాకేమిరా" అని అవ్వ మళ్లీ రోకలెత్తింది.

సరైన అర్థాన్ని నేను ఇంటికి మోసుకొని వచ్చాను. అది ఇంట్లో ఎవరికీ పనికి రాలేదు. పదమూడేండ్ల వయసులో ఆ సంగతి నాకు తెలియలేదు. తెలిసి ఉంటే నోరు మూసుకొని ఉండేవాణ్ణి. తప్పుగా విన్న మాటతో ఆమె ఎక్కడికో వెళ్లి నిలబడింది. సరైన మాటతో నేనామెను వెనక్కు పంపించాను.

కొంచెంసేపటికి అవ్వే అడిగింది, "ఇంకేమేమి మింగినాయంట?" అని. జ్ఞాపకమున్నంత వరకు ఒక్కొక్కటిగా తెలుగులో చెప్పుకొంటూ పోయాను. రోలు రోకలిని మింగిందంటే, "అది దినామూ జరిగేదే గదా" అంది. అవ్వ పుట్టినిల్లు చిత్రావతికి దిగువన, ధర్మవరం దగ్గరి పల్లె. అక్కడ గుంతమగ్గాలు చూస్తూ పెరిగింది. నేతగాణ్ణి గుంత మింగిందంటే ఆమెకు వింతేమీ కాలేదు. "మగ్గంలో కూచున్నోనికి నడుము దాకా గుంతలోనే ఉంటాది. పైకి అగుపడేది సగం మనిషే. పొద్దు కుంకినాక లేస్తే కాళ్లు తనవో కావో తెలీదు" అంది. గుంతమగ్గాన్ని చూడని నాకు ఆ పాటలోని గుంత ఒక బొమ్మ. ఆమెకది మేనమామ ఇంటి పడమటి గది.

ముసలమ్మను ఈగ మింగడం దగ్గరికి వచ్చేసరికి అవ్వ పెద్దగా నవ్వింది. "ఆ ముసల్ది నేనే లేరా. దంచేటప్పుడు మొగం మీద ఈగ వాలిందనుకో, చేతులు ఖాళీ లేవు. పానమంతా ఆ ఈగ మీదనే ఉంటాది. దంచేది లేదు, కొర్రలు లేవు, ఏమీ లేదు. ఇంత ముసల్ది ఆ ఈగలో పడిపోయినట్లే గదా!"

అయ్యా, ఆ తరువాత నేను ఈ పాటకు పండితులు రాసిన వ్యాఖ్యానాలు చదివాను. ఈగకు ఒకరు కాలమని, ఒకరు మాయ అని, మరొకరు సూక్ష్మబుద్ధి అని అర్థం చెప్పగా విన్నాను. అవన్నీ కాదనే చదువు నాకు లేదు. కాని రోకలి పట్టిన రెండు చేతులు, ముక్కు మీద వాలిన ఈగ, ఆ ఈగలో పడిపోయిన మనిషి — ఇది చూపినవారు మరొకరు లేరు. గురువు పాదం పాడేవాణ్ణి మింగిందన్నప్పుడు అవ్వ ఏమీ అనలేదు. చాలాసేపటికి, "ఇది మన తాతయ్య మాట మాదిరి ఉండాది" అంది.

తాతయ్య అంటే ఎవరో ఈ సభలో చెప్పనక్కరలేదు. అయినా పిల్లలున్నారు గనుక రెండు మాటలు చెబుతాను. కైవారం నారాయణప్ప, యోగి నారేయణ యతీంద్రులు, చింతామణి తాలూకా కైవారంలో 1726లో పుట్టారనీ, 1836లో సజీవసమాధి అయ్యారనీ భక్తులు చెప్పుకొంటారు. గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా గాజులమ్మిన మనిషి. గురువు ఇచ్చిన గులకరాయిని నోట పెట్టుకొని నారాయణ నామం జపిస్తూ ఉంటే, ఆ రాయి కలకండగా మారిందని కథ. తెలుగులోనూ కన్నడంలోనూ పాడారు. కాలజ్ఞానం చెప్పారు. అవ్వకు ఆయన తత్వాలు చాలా వచ్చును. అక్షరం ఒక్కటీ రాదు. వాటిలోనూ విడమరచి చెప్పని మాటలే ఎక్కువ. నా చిన్ననాట నేను అర్థమడిగితే, "పాడుతా ఉండు, అదే వస్తాది" అనేది. వచ్చిందో లేదో నాకు తెలియదు గాని, చెప్పకపోవడం కూడా ఒక బోధనా పద్ధతి అని ఉపాధ్యాయుడినయ్యాక కూడా చాలా కాలం నాకు తెలియలేదు.

1982లో నేను ఈ చిక్కబళ్లాపురంలోనే పట్టభద్ర తరగతిలో ఉన్నాను. గోకాక్ నివేదికను అమలుపరచాలని రాజకుమార్ గారి నాయకత్వంలో ఉద్యమం సాగిన కాలమది. మేమూ ఊరేగింపుగా వెళ్లాము. కన్నడంలో నినాదాలిచ్చి, దారిలో అలసిపోయినప్పుడు "నీళ్లు యాడ దొరుకుతాయిరా" అని తెలుగులో అడుక్కొన్నాము. అందులో మాకు తప్పేమీ తోచలేదు. ఇప్పటికీ తోచదు. ఒక భాషను తన గడ్డ మీద నిలబెట్టాలని కోరడం న్యాయమే. ఆ న్యాయం మన ఇంటి మాటకు కూడ వర్తిస్తుందని అడగడానికి మాత్రం మాకు ఇన్నేండ్లు పట్టింది.

చదువులో ముందుకు వెళ్లిన కొద్దీ ఇటువంటి కవితలకు కన్నడంలో పేర్లున్నాయని తెలిసింది. అల్లమప్రభువు మొదలైన శరణుల చిక్కువచనాలను "బెడగు" అంటారు. కనకదాసుల చిక్కుపాటలను "ముండిగె" అంటారు. ఉత్తరాదిన కబీరు చెప్పిన తలక్రిందుల పదాలకు ఉలట్‌బాంసీ అని పేరు. మన తెలుగులో వీరబ్రహ్మంగారి నుండి, వేమన నుండి తాతయ్య వరకు ఈ దారి ఉంది. దానికి ప్రత్యేకంగా పేరు పెట్టిన పండితుడు లేకపోవడం మన లోటు. జనం మాత్రం తత్వం అని ఊరుకొన్నారు. నేను పరీక్షలకు ఏమి చేశానంటే, ప్రతి కవితకూ ఒక పట్టిక వేసుకొన్నాను. ఎడమవైపు కోతి, కుడివైపు మనసు. ఎడమవైపు ఏనుగు, కుడివైపు అహంకారం. మంచి మార్కులు వచ్చాయి. తాళం తీసి ఇల్లు చూడకుండా, తాళపుచెవిని జేబులో వేసుకొని తిరిగి వచ్చినవాడి తెలివి అది.

ఆ పట్టికతోనే పాఠాలు కూడా చెప్పాను. ఇప్పుడు చెప్పబోయేది నా మీద నేను చెప్పుకొనే ఫిర్యాదు.

చింతామణి పక్కన ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్న రోజులవి. ఇరవై అయిదేండ్లు దాటింది. ఎనిమిదవ తరగతికి ఈ పాట పాడి వినిపించి, నల్లబల్ల మీద పట్టిక వేసి, "ఇలాంటిదే మీరొకటి చెప్పగలరా?" అని అడిగాను. సరదాకు అడిగిన ప్రశ్న, జవాబు వస్తుందని కాదు. వెనుక వరుసలో ఒక అమ్మాయి లేచింది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. వాళ్లింట్లో పట్టుపురుగులు పెంచుతారు, నూలు కూడా తీస్తారు. ఆమె తెలుగులో మొదలుపెట్టింది.

"ఆకును పురుగు మింగింది సార్. పురుగును గూడు మింగింది. గూటిని కాగే నీళ్లు మింగినాయి. ఆ నీళ్లు మా అమ్మ చేతులను..."

నేను అడ్డుపడి, "కన్నడంలో చెప్పమ్మా" అన్నాను.

కోపంగా అనలేదు. అలవాటుగా అన్నాను. తరగతిలో తెలుగు వినబడితే నా నోట ఆ మాట తనంతట తానే వచ్చేది. ఆ పిల్ల నిలబడే ఉంది. పెదవులు కదిపింది. గూడు రెండు భాషలలోనూ గూడే. నీళ్లకు నీరు అంటే చాలు. మాటలు రాక కాదు. కాని ఆ వాక్యం ఆమె ఇంట్లో, నూలు తీసే పొయ్యి దగ్గర, తల్లి పక్కన పుట్టిన వాక్యం. దానిని అక్కడ నుండి ఎత్తి నా బల్ల మీద పెట్టడానికి ఆమెకు చేతకాలేదు. కూర్చొంది.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. మల్బరీ ఆకును పురుగు తినే చప్పుడు, చంద్రికెల మీద గూడు కట్టుకొని అందులో తానే మాయమైన పురుగు, గూళ్లను కాగే నీటిలో వేసి కొసలు వెతికే ఆడవారి చేతులు — ఈ తాలూకాలో ఇవి చూడనివారెవరు? ఆ వేళ్లు తెల్లగా నాని, పొరలు లేచి ఉంటాయి. శిశువినహాళలో షరీఫులు రోలును, మగ్గాన్ని చూసి చేసిన పనినే ఈ పిల్ల చింతామణిలో పట్టుగూటిని చూసి చేసింది. ఆమెకు ఆ పాట అర్థమయింది. నా పట్టికలో ఉన్నదానికన్నా ఎక్కువ అర్థమయింది. ఆమె వాక్యంలో ఆఖరి మాట నేను వినలేదు. నీళ్లు అమ్మ చేతులను ఏమి చేశాయో నాకు తెలుసు. తెలిసినా, ఆమె నోట అది రావలసి ఉండింది.

మరునాడు పిలిచి, "నిన్న చెప్పినది చెప్పమ్మా, తెలుగులోనే చెప్పు" అన్నాను. "మరచిపోయినాను సార్" అంది. మరచిపోలేదని ఇద్దరికీ తెలుసు.

ఇంటిభాషలో చదువు చెప్పాలని మన ఉద్యమం ఎన్నో ఏండ్లుగా అడుగుతున్నది. పాఠ్యపుస్తకాలు, ఉపాధ్యాయ నియామకాలు, జీవోలు — ఇవన్నీ కావాలి. వాటి గురించి నాకన్నా తెలిసినవారు ఈ వేదిక మీద ఉన్నారు. నా అనుభవం చిన్నది. ఆ రోజు ఆ పిల్ల ఒక్క నిమిషం తెలుగులో మాట్లాడి ఉంటే కన్నడానికి వచ్చే నష్టం ఏమీ లేదు. పైగా కన్నడంలోని ఒక గొప్ప పాట ఆ తరగతిలో మొదటిసారిగా బ్రతికి ఉండేది. అది జరగకుండా ఆపింది ప్రభుత్వం కాదు, చట్టం కాదు. తెలుగు తల్లికి పుట్టిన నేను.

ఇక మొన్నటి సంగతి. 2025 జూలైలో గురుపూర్ణిమకు మనవరాలిని తీసుకొని కైవారం వెళ్లాను. అక్కడి సంగీతోత్సవం మీకు తెలిసినదే. మనవరాలికి పదేండ్లు. బెంగళూరులో పెరుగుతున్నది. ఇంట్లో తెలుగు వింటుంది, జవాబు కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఇస్తుంది. తెలుగు అక్షరాలు రావు. ఆమె చేతిలో తాతయ్య తత్వాల పుస్తకం పెట్టాను. అది తెలుగు తత్వాల పుస్తకమే, అచ్చు మాత్రం కన్నడ లిపిలో. మన పక్క తాతయ్య తెలుగు కన్నడ అక్షరాలలోనే చేతులు మారుతూ వస్తున్నది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివిన మనవంటివారు చదువుకొనేది అట్లాగే గదా.

పిల్ల గడగడ చదువుకొంటూ పోయింది. కొంత దూరం పోయి ఆగి, "తాతా, ఇది ఏ భాష?" అని అడిగింది.

మన భాషే అన్నాను. నమ్మలేదు. "అక్షరాలు కన్నడవి గదా" అంది. "చాలు" అనే మాటను ఆమె "చీమ"లోని చకారంతో పలికింది. అవ్వ ఆ మాటను పలికేటప్పుడు నాలుక పండ్లకు తగిలి మెత్తగా వచ్చేది. ఆ పలుకు కన్నడ లిపిలో లేదని ముందు అనుకొన్నాను. ఆలోచిస్తే నేటి తెలుగు అచ్చులో మాత్రం ఎక్కడుంది? రెండింటికీ ఒకే చకారం వ్రాస్తున్నాము. ఆ మెత్తదనం ఏ లిపిలోనూ లేదు, ఇంట్లో పెద్దవారి నోట ఉంది. విన్న పిల్లకు వస్తుంది, వినని పిల్లకు తెలుగు అక్షరాలు నేర్పినా రాదు. లిపి కోసం పోరాడేవారు నన్ను మన్నించాలి. తెలుగు అక్షరాలు నేర్పాలనే నేను కూడ అంటాను. అయితే అక్షరం నేర్పే లోపల నోరు మూగబోతే, ఆ అక్షరాలు చదివేది ఎవరు?

ఆ మండపంలో కూర్చొని ఉండగా షరీఫుల పాట మళ్లీ నా మనసుకు వచ్చింది. కన్నడ లిపి తెలుగు తత్వాన్ని మింగిందా? లేక తెలుగు తత్వమే కన్నడ లిపిని మింగి రెండు వందల ఏండ్లుగా బ్రతికి ఉందా? మన సభలలో పెద్ద భాష చిన్న భాషను మింగుతుందని తరచుగా అంటాము. నేను కూడ అన్నాను. షరీఫుల పాటలో మాత్రం ఎక్కువసార్లు చిన్నదే పెద్దదానిని మింగుతుంది. మేక ఏనుగును, ఈగ ముసలమ్మను. ఇంకొక మింగడం కూడ ఉంది. గోడ సున్నాన్ని మింగుతుంది. సున్నం కొట్టినవారికి ఇది తెలుసు. మట్టిగోడకు మొదటి పూత వేస్తే కనబడకుండా ఇంకిపోతుంది. రెండవ పూత, మూడవ పూత పడితే గాని తెలుపు తేలదు. ఇంకిన సున్నం ఎక్కడికీ పోలేదు, గోడలోనే ఉంది. అయితే రెండవ పూత వేసేవారు ఉండాలి. ఇందులో ఏది మన కథో నేను తేల్చుకోలేకపోయాను. ఒక పూట ఒకటి నిజమనిపిస్తుంది, మరొక పూట మరొకటి.

ఆ గురుపూర్ణిమకు వారం ముందే, జూలై 2న, మన నందిబెట్ట మీద జరిగిన రాష్ట్ర మంత్రివర్గ సమావేశం బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చడానికి ఒప్పుకొంది. పల్లె తెలుగు మాట అని కొందరికి అభ్యంతరమట. పాత కన్నడంలోని పకారం తరువాతి కన్నడంలో హకారమయింది గనుక, పల్లి, హళ్లి అక్కాచెల్లెళ్లు. వాటి స్థానంలోకి వచ్చిన భాగ్యము, నగరము రెండూ సంస్కృతమే. ఇంతకూ ఎవరు ఎవరిని మింగినట్లు? షరీఫులు ఉండి ఉంటే ఇంకొక చరణం కట్టి ఉండేవారు.

తిరుగు ప్రయాణంలో మనవరాలు ఆ మింగే పాట ఏమిటని అడిగింది. పట్టిక చెప్పలేదు. అవ్వ కథ చెప్పాను. కొర్రలు, రోకలి, ఈగ, చిన్నాయన, అన్నీ చెప్పాను. "ఆయన మళ్లీ వచ్చినాడా?" అని అడిగింది. రాలేదన్నాను. "ఆ కోడి యా ఊరిదో తెలిసిందా?" అని అడిగింది. ఆ పిల్ల నోట తెలుగులో పూర్తి వాక్యం నేను విన్నది అదే మొదలు. అదీ అవ్వ మాట అవ్వ యాసతో.

రోకలి అంటే ఏమిటో ఆమెకు తెలియదు. ఇంటికి వెళ్లే ముందు బాగేపల్లి మీదుగా మా పాత ఊరికి తీసుకొని వెళ్లాను. రోలు ఉంది. పెరట్లో సగం మట్టిలో దిగబడి, వాననీళ్లతో నిండి ఉంది. రోకలి ఎప్పుడో పొయ్యిలోకి పోయింది. ఆమె ఆ నీళ్లలో మోచేతి దాకా చేయి పెట్టి అడుగు తడిమి చూసింది.

రాత్రి తన నోటు పుస్తకంలో ఏదో వ్రాసుకొని నాకు చూపించింది. కోడెగాణ్ణి కోడి మింగిన వాక్యం, దాని క్రింద ఈగ, దాని క్రింద ముసలి అవ్వ. తెలుగు మాటలు, కన్నడ అక్షరాలు. "తప్పులున్నాయా తాతా?" అని అడిగింది.

ఒకచోట దీర్ఘం పోయింది. దిద్ది ఇచ్చాను.